నెల్డా రివాల్వర్ శుభ్రం చేసిన రోజు

నెల్డా గడియ నొక్కి రివాల్వర్ చక్రాన్ని పక్కకి తోసింది. తూటాలుండే గదులన్నీ ఖాళీగా కనిపించాయి. అయినా బల్లకి అటువైపు కూర్చున్న, వాగు అవతలింటి హోబర్ట్‌కి తృప్తి కలగలేదు. ఒక్కో గదినీ చిటికెనవేలితో తడమమన్నాడు. తడిమింది. తూటాల డబ్బా ఎక్కడ పెట్టావని అడిగాడు. పడకగదిలో అంది.

"సరే. ఇప్పుడు మళ్ళీ చూడు."

"ఇప్పుడేగా చూశాను పెద్దాయనా."

"మా తమ్ముడూ ఇప్పుడేగా చూశాననే అన్నాడమ్మాయ్. వాళ్ళ ఫ్రిజ్జుకి ఇంకా చిల్లుంది."

ఆమె నవ్వి మళ్ళీ చూసింది.

వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉన్నా తుపాకి తుడిచే మందు వాసన గది వదలడం లేదు. నెల్డాకి అదేమంత ఘాటనిపించలేదు. పెళ్లయిన కొత్తలో జిల్లా ఆసుపత్రి చాకిరేవులో చేరింది మొదలు ఆమె బ్లీచు వాసనలోనే బతుకుతోంది. కణుపులు ఉబ్బి, గోళ్ళ చుట్టూ చర్మం పగిలిన చేతులు. ఈ పొద్దున కూడా రోగుల దుప్పట్లు రెండు బళ్ళ నిండా మడతపెట్టి వచ్చాకే, హోబర్ట్ ఇంటి వెనక గట్టుకి ఎదురుగా నిలబడి జీవితంలో మొదటిసారి తుపాకి పేల్చింది. పేల్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. గట్టు మీద పెట్టిన ఖాళీ డబ్బాలు చెక్కు చెదరలేదు. డబ్బాలు నిన్ను దీవిస్తున్నాయన్నాడు హోబర్ట్.

భర్త ఎల్జిన్ పోయి ఏడాది దాటింది. వేసవిలో ఎవరో కొట్టం తాళం పగలగొట్టి అతని రంపాలన్నీ పట్టుకుపోయారు. అప్పటినుంచీ కంకరరోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఆమె చేస్తున్న పని ఆపి వింటుంది. చెల్లెలు ఫోనులో పోరి పోరి చివరికి ఈ రివాల్వర్ కొనిపించింది.

గొట్టం మూతికి కుంచె ఉన్న కడ్డీ రాసుకోకుండా చూసుకోమన్నాడు హోబర్ట్. ఆమె కుంచె దూర్చి, మెల్లగా నాలుగైదుసార్లు ఆడించింది. తరవాత మందులో తడిపిన గుడ్డముక్క తోసింది. అది మసిలా నల్లగా వచ్చింది. తరవాతది బూడిదరంగు. ఇంకొకటి, ఇంకొకటి. తెల్లగా వచ్చాక ఆమె తనంతట తనే ఆగింది. చక్రంలో గదులు కూడా అలాగే తుడిచింది. కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, ఆ తడి కూడా గుడ్డతో అద్దేసింది.

"అంతే చాలు. ఎక్కువైతే దుమ్ముకి పండగే. ఇక చెయ్యి కడుక్కో, సీసం అంటుకుని ఉంటుంది. ఆ చేత్తో ఏదీ తినకు."

ఆమె సబ్బుతో చేతులు రుద్దుకుంటుంటే అతనికి దగ్గు తెర వచ్చింది. బొగ్గుగని అతనికిచ్చిన దగ్గు అది. తెర తగ్గాక కూడా బల్లమీద రివాల్వర్ పెట్టి ఉన్న తువ్వాలు కేసే చూస్తూ ఉండిపోయాడు.

"మా ఆవిడ ఐవా చనిపోయిన చలికాలం నా తుపాకి మా మేనల్లుడికిచ్చి దాచమన్నాను," అన్నాడు నెమ్మదిగా. "అది ఇంట్లో ఉంటే నా మీద నాకే నమ్మకం లేకపోయింది."

నెల్డా కుళాయి కట్టేసింది. రివాల్వర్ కొన్న రోజు కొట్లో కుర్రాడు దేనికమ్మా అని అడిగితే దొంగల భయం అని చెప్పింది. అది చాలామటుకు నిజమే.

"నీకూ అలాంటి రోజు వస్తే దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టు. ఎందుకని అడగను."

ఆమె చేతులు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"తెస్తాను," అంది.

రివాల్వర్‌ని ఇనప్పెట్టెలో పెట్టించి, తాళం వేయించి, అతను లేచాడు. వాగు మీది చెక్కవంతెన దాటేలోపు రెండుచోట్ల నిలబడి ఊపిరి తీసుకోవడం ఆమె కిటికీలోంచి చూసింది. తోడు వెళ్తే కోప్పడతాడు.

చిక్కుళ్ళు ఉడకేసి, మొక్కజొన్న రొట్టె కాల్చి, పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి కొండ కొమ్మున ఇంకా ఎండ ఉంది. హోబర్ట్ వసారాలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం గుండెకి ఆని ఉంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం అలాగే ఉంది. పక్కన దాని మిషను సన్నగా మోగుతోంది. ఆమె పిలిచింది. మణికట్టు పట్టుకుని చూసింది. వదలకుండా అలాగే పట్టుకుని, రెండో చేత్తో మిషను ఆపింది.

ఆసుపత్రికి ఫోను చేశాక పళ్ళెం నేలమీద పెట్టి, వాళ్ళు వచ్చేదాకా మెట్టుమీద కూర్చుంది. దుప్పటి కప్పి అతన్ని తీసుకెళ్తుంటే వంతెనదాకా నడిచింది. మేనల్లుడికి తనే చెప్తానంది.

పళ్ళెం తీసుకుందామని తిరిగొచ్చినప్పుడు కుర్చీ పక్కన పీట కనిపించింది. దాని మీద చదరంగా కత్తిరించిన చిన్న గుడ్డముక్కలు, తుపాకి గొట్టంలో పట్టేటంతటివి, ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. పక్కన అతని గళ్ళ ఉన్ని చొక్కా ఒకటి. దాని ఒక చెయ్యి భుజందాకా లేదు, రెండో చేతి అంచులో కత్తెర దిగబడి ఉంది.