వీపు మీద చెయ్యి

డ్రమ్ములో కాఫీగింజలు తిరుగుతున్నాయి. అతను మంట తగ్గించి, గాజుకంతలోంచి రంగు చూస్తూ నిలబడ్డాడు. మోటారు దడ అతనికి అరికాళ్ళలోంచే తెలుస్తుంది. చెవులకు అందడం మానేసి చాలాకాలమైంది.

ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

వేగే గింజ చిట్లినప్పుడు చప్పుడవుతుంది. అది విని సమయానికి దించాలి, ఏమరితే చేదెక్కుతుంది. ఆ వినడం భార్య పని. వెనక గోడవార బస్తాల మూతులు కుడుతున్నా లేచి వచ్చి, అతని వీపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. అతను డ్రమ్ము గేటు లాగి గింజలు దించేస్తాడు.

“ఈ వయసులో ఇదేం సరసమయ్యా!” అని రైతులు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. వాళ్ళంతా చిన్న కమతాలవాళ్ళు. పచ్చిగింజ దళారికి తెగనమ్మడం మాని, తామే వేయించి అమ్ముకుందామని సంఘం పెట్టి ఈ షెడ్డు వేసుకున్నారు. తమ ఏడాది కష్టం చెవిటివాడి చేతిలో పెట్టామని తెలిస్తే? వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమోనని, అతను అన్నం కూడా గోడకు వీపు ఆనించే తింటాడు.

ఆ రోజు పొద్దున సంఘం పెద్ద వచ్చి ఏదో అడిగాడు. గుబురుమీసం కింద పెదవులు కనబడలేదు. అతను భార్యకేసి చూశాడు.

“మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అన్నయ్యా! పనిలో పడితే ఈయన నోరు విప్పడుగా,” అంది భార్య. ఆమె మాటలు మాత్రం అతను పెదవుల మీద చదువుకోగలడు.

పెద్ద వెళ్ళాక ఆమె భుజం రుద్దుకుంది. “ఒంట్లో నలతగా ఉంది.”

ఇంటికెళ్ళి పడుకోమనాలని నోటిదాకా వచ్చింది. ఆమె వెళ్ళిపోతే చప్పుడు వినేదెవరు? అతను డ్రమ్ముకేసి తిరిగాడు.

ఆఖరి వాయి వేశాడు. గింజలు పసుపు తిరిగాయి, ఎర్రబడ్డాయి. చెయ్యి కోసం వీపంతా ఎదురుచూసింది. రంగు ముదిరింది. పొగ కమ్మింది. గేటు లాగేసి, విసుగ్గా వెనక్కి తిరిగాడు.

ఆమె గోడకు ఒరిగి కూర్చుని ఉంది. గడ్డం గుండెల మీదికి వాలిపోయింది.

“ఏమే... ఏమేవ్!” ఆ కేక అతనికే వినపడలేదు.

పొగ చూసి సంఘం పెద్ద పరుగున వచ్చాడు. ఆమె నాడి పట్టుకుని, మెల్లగా చెయ్యి వదిలేశాడు.

“పిలిచిందేమో అన్నా,” అన్నాడతను. “నన్ను పిలిచే ఉంటుంది. నాకు వినపడదు. ఎప్పట్నుంచో వినపడదు.”

పెద్ద ఏదో అన్నాడు. ఏమన్నాడో చెప్పే మనిషి లేదు.

ఆమెను ఎత్తుకెళ్ళాక, గోడవార ఒక బస్తా మిగిలింది. మూతి సగమే కుట్టి ఉంది. దారం చివర దబ్బనం వేలాడుతోంది.