పాయిందా ఇంటి పరంగి అతిథి

రెండేళ్ళ కింద పరంగివాళ్ళ దొరసానులూ సామాన్లూ కాబూలుకి పోతున్నప్పుడు పాయిందా తన ఇంటి కప్పు మీద గొంతుక్కూచుని చూశాడు. ఒంటెల వరస పొద్దున మొదలైతే సాయంత్రం దాకా తెగలేదు. సారా సీసాలకు కొన్ని ఒంటెలు, చుట్టలకు కొన్ని, కుర్చీలకు కొన్ని. వేటకుక్కలు నడిచే పని లేకుండా బండెక్కి పోతున్నాయి. ఎందుకొచ్చారయ్యా అని అడిగితే, మీ పాతరాజును మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టి వెళ్ళిపోతాం అన్నారట. కూర్చోబెట్టారు. వెళ్ళలేదు. తోటలు వేసుకున్నారు, గుర్రప్పందాలు పెట్టుకున్నారు, పెళ్ళాంబిడ్డల్ని పిలిపించుకున్నారు.

చివరికి కాబూలు తిరగబడితే, పోక తప్పదని నడిమి చలికాలంలో బయల్దేరారు. ఆ మంచులో, ఆ కనుమల్లో, కొండల మీద గిల్జాయీ తెగవాళ్ళ తుపాకుల కింద. ఆ నెలంతా కాకులు దూరం ఎగరాల్సిన పని పడలేదు. దాని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పాయిందా కూడా నాలుగు రోజులు కొండ మీద కాపు కాశాడు. ఐదో రోజు, చదునైపోయిన ఇత్తడి బాకా ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. అతని వంతుకు వచ్చిన దోపిడీ అంతే. తలుపు తోసేసరికి పొయ్యి పక్కన, తన దుప్పటే కాళ్ళకు చుట్టుకుని, ఎర్రగడ్డం మనిషొకడు రొట్టె ముంచుకుని తింటున్నాడు. తల్లి జర్ఘూనా పక్కనే కూచుని ఇంకో రొట్టె తుంచుతోంది.

"అమ్మా, ఇతనెవరో తెలుసా నీకు?"

"తినకముందు ఎట్లా అడుగుతాన్రా? తింటున్నాడుగా. అయ్యాక నువ్వే అడుగు."

జరిగిందేమిటంటే, మంచు కప్పిన కంబళి మూట ఒకటి తలుపు కొట్టింది. ఇంకెక్కడైనా ముందు మొహం చూస్తారు. ఆ లోయలో ముందు రొట్టే ఉప్పూ చేతిలో పెడతారు. పేరు మూడో రోజున అడుగుతారు. కంబళి జారి ఎర్రగడ్డం బయటపడేసరికి సగం రొట్టె లోపలికి పోయింది. ఉప్పు గొంతు దిగాక అతను కన్నతండ్రిని చంపినవాడైనా సరే, ప్రాణం అడ్డేసి కాపాడాల్సిందే. నాలుగు రోజులు ఎవరి కోసం కొండెక్కి కాపు కాశాడో, ఆ మనిషికి ఆ సాయంత్రం నుంచి పాయిందా ఇంటి ముందు కాపలా కాశాడు.

మూడో రోజున పరంగాయన లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, కాబూల్లో నేర్చిన వచ్చీరాని పార్సీలో సెలవడిగాడు. జలాలాబాదు కోటలో తనవాళ్ళు ఇంకా ఉన్నారట, అక్కడికి పోతానన్నాడు. రెండు రోజుల నడక. తోడు వెళ్ళి దిగబెట్టడానికి పాయిందా అప్పటికే తుపాకీ తుడిచి, మేజోళ్ళు ఆరబెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అయినా మర్యాద కొద్దీ, తాత ముత్తాతల నుంచీ అంటున్న మాటే అన్నాడు.

"తొందరేముంది, ఉండండి. ఇది మీ ఇల్లే."

ఈ మాటకు అతిథి కాదనాలి. ఇంటాయన మళ్ళీ అనాలి. అతిథి మళ్ళీ కాదనాలి. మూడోసారికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుని విడిపోవాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పరంగాయన మాత్రం మొహం చాటంత చేసుకుని, బూట్లు విప్పేసి, మళ్ళీ పొయ్యి పక్కన కూచున్నాడు.

వారం తర్వాత మళ్ళీ సెలవడిగాడు. పాయిందా మళ్ళీ అన్నాడు. ఆయన మళ్ళీ కూచున్నాడు. మూడో వారం పాయిందా ఆ మాటను గొంతులోనే నలిపి, పక్కింటికి కూడా వినపడనంత చిన్నగా అన్నాడు. పరంగాయన చెవులు చురుకైనవి.

మనిషి చెడ్డవాడు కాదు. చేతుల నీడతో గోడ మీద కుక్కల్ని ఆడించి పాయిందా కూతుళ్ళిద్దర్నీ నవ్వించేవాడు. ఊరికే తినడం ఇష్టంలేక కట్టెలు కొడతానని గొడ్డలి పట్టుకుని, మొదటి రోజే నాగలి మేడిని ముక్కలు చేశాడు. బాధల్లా ఆ తిండి. ఎండబెట్టిన మాంసం మాఘంలోనే అడుగంటింది. మల్బరీ పళ్ళ సంచీ చేటెడుకు వచ్చింది. పాయిందా భార్య షిన్కై గాదెలో మూర కర్ర దించి మొగుడికి చూపించింది. గోధుమలు జానెడే మిగిలాయన్నట్టు కర్ర చివర మాత్రమే పిండి దుమ్ము అంటింది. కొత్త పంటకు ఇంకా నాలుగు నెలలు.

గాదె ఖాళీ అయితే ఏమవుతుందో పాయిందాకు తెలుసు. గింజలున్న ఇల్లు ఊళ్ళో ఒక్కటే, గోడవతలి పెదనాన్న కొడుకు తోర్‌బాజ్‌ది. నీళ్ళ కాలవ దగ్గర గొడవై పదకొండేళ్ళుగా మాటల్లేని దాయాది. ఆ గుమ్మం ముందు గుడ్డ పరుచుకుని నిలబడటం కంటే, మంచులో పడుకోవడం సుఖం అనుకున్నాడు పాయిందా. తోర్‌బాజ్ కూడా ఆ రోజు కోసమే కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నాడు. పదకొండేళ్ళ మౌనం విడిచి, మసీదు అరుగు మీద అందరి ముందూ పలకరించాడు కూడా.

"ఏం తమ్ముడూ, పరంగివాళ్ళు దేశం వదిలి పోయారటగా. నీ ఇల్లొక్కటే వదల్లేదేం?"

అరుగంతా పడీపడీ నవ్వింది. పాయిందా ఉడికిపోతూ ఇంటికొచ్చి, ఇవాళ మర్యాదా లేదు ఏమీ లేదు, వెళ్ళమని మొహాన చెప్పేస్తానన్నాడు. తల్లి అట్లకాడ చేతిలోకి తీసుకుంది. షిన్కై మాత్రం నింపాదిగా, ఊళ్ళో మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు గనకే నవ్వుతున్నారు, రేపట్నుంచి మీసం తిప్పుకుని తిరుగు అంది.

మర్నాటి నుంచీ పాయిందా మీసం తిప్పాడు. మా ఇంట్లో దొర ఉన్నాడు, మా అమ్మ రొట్టె రుచి మరిగి కదలనంటున్నాడు, రేపు కాబూల్లో నలుగురు కూచున్న చోట ఈ లోయలో ఏ ఇల్లు గొప్పదంటే పాయిందా ఇల్లే అంటారు అని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. నీళ్ళకు వెళ్ళినప్పుడు షిన్కై దానికి ఇంకాస్త కలిపింది. తోర్‌బాజ్ ఇంటి పొగ ఇంత సన్నగా ఉందేం, రోజూ వండరా అని దొర అడిగాడంది. దొర అలా అన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

శుక్రవారం నమాజు కాగానే తోర్‌బాజ్ పరంగాయన ముందుకొచ్చి, ఒక్క పూట మా చావడికి రావాలి అన్నాడు. పొట్టేలును కోశాడు. ఊళ్ళో మగవాళ్ళందర్నీ పిలిచాడు. తన వైభవం చూసి కుళ్ళాలని పాయిందాను కూడా పిలిచాడు. రాత్రికి పట్టు పరుపు వేయించాడు.

పొద్దున రొట్టెలయ్యాయి. పరంగాయన బూట్లు తొడుక్కుని లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. చేసిన మర్యాదకు దణ్ణాలు చెప్పి, ఇక సెలవిప్పించమన్నాడు.

చావడిలో నమిలేవాళ్ళు నమలడం మానేశారు. ముసలి ముల్లా గడ్డం దువ్వుకుంటున్న చెయ్యి గడ్డంలోనే ఉండిపోయింది. అప్పటికి గాని తోర్‌బాజ్‌కు తను ఎక్కడ నిలబడ్డాడో తెలియలేదు. పాయిందా వైపు చూశాడు. పాయిందా పైకప్పు దూలాన్ని, అది నిన్నే కొత్తగా వేసినట్టు, శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ మాట అనకపోతే, తోర్‌బాజ్ అతిథిని ఒక్క పూటకే సాగనంపాడని మనవళ్ళ కాలం దాకా చెప్పుకుంటారు. అంటే ఏమవుతుందో రెండు నెలలుగా కడుపుబ్బా నవ్వుతూ చూస్తూనే ఉన్నాడు.

తోర్‌బాజ్ రెండుసార్లు దగ్గాడు. నుదురు తుడుచుకున్నాడు.

"తొందరేముంది," అన్నాడు. "ఉండండి. ఇది... మీ ఇల్లే."

పరంగాయన కళ్ళు చెమర్చాయి. కూచుని బూట్లు విప్పాడు.

పాయిందా ఇంటికొచ్చి గాదె మూత తీసి చూసుకున్నాడు. ఐదుగురికీ సన్నగా సరిపెడితే పంట దాకా వస్తుంది. కూతుళ్ళు మాత్రం రెండు రోజులు అలిగారు, గోడ మీద కుక్కల్లేవని.

పది రోజులు గడిచాయి. పాయిందా వాకిట్లో కొత్త మేడి చెక్కుకుంటుంటే, రెండిళ్ళ నడిమి గోడ మీదుగా ఒక తలపాగా లేచింది. దాని కింద తోర్‌బాజ్ మొహం కాస్త పీక్కుపోయి ఉంది.

"తమ్ముడూ," అన్నాడు గొంతు తగ్గించి, "పొద్దుటి పూట ఆయన మీ ఇంట్లో ఎన్ని తినేవాడు? రొట్టెలు?"

పాయిందా ఉలి పక్కన పెట్టాడు. చెక్కపొట్టు దులుపుకున్నాడు. పదకొండేళ్ళకు ఇలాంటి పొద్దు ఒక్కటొస్తుంది, తొందరపడటం ఎందుకు.

"అతిథి తినే రొట్టెలు లెక్కపెట్టే ఇల్లు కాదన్నా మాది."

లోపల్నించి జర్ఘూనా గొంతు ఖంగుమంది.

"తొమ్మిదిరా తోర్‌బాజూ. పెరుగుంటే పదకొండు."