తెలీదండి, ఎవరు చెక్కారో

చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా తలుపు వెనక ఒదిగిపోయేదని తండ్రి ఆమెకు గువ్వ అని ముద్దుపేరు పెట్టాడు. నలభై దాటినా ఆ పేరూ పోలేదు, ఆ అలవాటూ పోలేదు.

గువ్వ ఒక పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. మైనంతో చిగుళ్లు మలచడం, పళ్లు ఒక్కొక్కటే అమర్చడం, అంచులు నున్నగా అరగదీయడం ఆమె పని. పనిగదికీ, రోగులు కూర్చునే హాలుకీ మధ్య చిన్న అద్దాల కిటికీ ఉంది. దవడ పట్టుకుని, ఎటు చూడాలో తెలియక, ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చునేవాళ్లను ఆమె ఏళ్ల తరబడి ఆ కిటికీలోంచి చూసింది. ఇంటికి వచ్చాక వంటింటి బల్ల మీద చెక్క పలక పెట్టుకుని, గుర్తున్నంత మేరకు వాళ్లను ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేది. ఆ అచ్చులు మంచం కింద చేరేవి. వాటి సంగతి వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

వదిన కర్టెన్ల దుకాణం నడుపుతుంది. కిటికీలు లేని ఇంటికి కూడా కర్టెన్లు అంటగట్టగలదని అన్నయ్య ఎగతాళి చేస్తుంటాడు. ఒకరోజు ఆవిడే మంచం కిందికి వంగి మూడు అచ్చులు ఏరి, ఒక చిత్రశాలకు పట్టుకుపోయి చూపించింది. కొత్తవాళ్ల ప్రదర్శనలో పెడతామని వాళ్లు ఒప్పుకున్నారు. ఒకటే షరతు. మొదటి రోజు సాయంత్రం కళాకారులు తమ బొమ్మల పక్కనే నిలబడి, వచ్చినవాళ్లతో మాట్లాడాలి.

ఆ మాట విన్నప్పటినుంచి గువ్వకు అన్నం సహించలేదు. పళ్లు అమర్చేటప్పుడు పైవరస పన్ను కిందివరసలో పెట్టి డాక్టరు చేత చీవాట్లు తింది. తనకు ఆ రోజు జ్వరం వచ్చేలా ఉందని వదినతో ముందే చెప్పి చూసింది.

"వస్తే మాత్ర వేసుకుని రా. బొమ్మలకు నోరుండదు అమ్మాయ్, నువ్వే మాట్లాడాలి" అంది వదిన.

ఆ సాయంత్రం గువ్వ చిత్రశాల దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా ముందుకు నడిచిపోయి, వీధి చివర మందుల దుకాణం దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చింది. లోపల జనం గుంపులు గుంపులుగా నవ్వుకుంటున్నారు. తన బొమ్మల పక్కన నిలబడితే చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. కట్టుకుంది, వదిలేసింది, సంచి పట్టీ మెలిపెట్టింది. బల్ల మీద నిమ్మరసం గ్లాసులతో నింపిన ట్రే ఒకటి కనిపించగానే వెళ్లి దాన్ని అందుకుంది. చేతులకు పని దొరికింది. ట్రే పట్టుకున్న మనిషి ముఖం ఎవరూ చూడరని తెలిసి ప్రాణం కుదుటపడింది. వదిన దూరం నుంచి కళ్లురిమి, బూడిదరంగు కోటాయనను చూపించింది. ఆయన హోటళ్ల గోడలకు బొమ్మలు ఎంపిక చేస్తాడని వదిన ముందే చెప్పింది. ఈ ట్రే ఖాళీ కాగానే వెళ్తానని గువ్వ సైగ చేసింది. ఖాళీ కాగానే ఇంకోటి నింపుకుంది.

అలా తిరుగుతుండగా, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ తన బొమ్మ ముందు ఆగి ఉండటం చూసింది. తలకు గుడ్డ కట్టుకుని, ఒళ్లో సంచిని రెండు చేతులతో హత్తుకుని కూర్చున్న స్త్రీ బొమ్మ అది. పెద్దావిడ దగ్గరికి వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. అంతలో ఆవిడ ఇటు తిరిగి గ్లాసు తీసుకుంటూ, "ఇది ఎవరు చెక్కారమ్మా?" అని అడిగింది.

"తెలీదండి" అంది గువ్వ.

నాలుక దానంతటదే పలికేసింది.

పక్క గోడ మీద ఉన్నవి ఒక నూనెరంగుల చిత్రకారుడివి. ఏ బొమ్మ కనిపించినా గంట మాట్లాడతాడని తోటివాళ్లు ఆయనను ఉపన్యాసం గారు అంటారు. ఎవరూ అడగకుండానే ఆయన మాట అందుకున్నాడు. ఈ స్త్రీ మృత్యువు కోసం ఎదురుచూస్తోందని, ఒళ్లోని సంచి ఆమె మోస్తున్న గత జీవితమని, తలకట్టు శవవస్త్రానికి గుర్తని చెప్పుకుపోయాడు. చుట్టూ నలుగురు చేరారు. అందరూ విచారంగా తల ఊపుతున్నారు.

గువ్వ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారింది. ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ బొమ్మలోని మనిషి ఆమెకు బాగా గుర్తు. పిల్లల పాలసీసా ఉన్న సంచిని హత్తుకుని, తొందరగా చూసి పంపించమని మూడుసార్లు లేచి వచ్చి బతిమాలుకున్న తల్లి. ఆమెను పట్టుకుని ఈయన బతికుండగానే పాడె ఎక్కిస్తున్నాడు.

"చావు కాదండీ. పన్ను నొప్పి" అంది.

అందరూ ట్రే మీది నుంచి ఆమె ముఖంలోకి చూశారు. నీకెలా తెలుసన్నాడు ఉపన్యాసం గారు.

"నేనే చెక్కాను."

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది. "ఇందాక తెలీదన్నావు?"

"అబద్ధం చెప్పానండి. భయమేసింది."

ఎవరో నవ్వారు. ఎగతాళిగా కాదు. గువ్వ చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. పెద్దావిడ ఆమె చేతిలోంచి ట్రే తీసి ఉపన్యాసం గారి చేతిలో పెట్టి, ఇప్పుడు చెప్పమంది. గువ్వ తడబడుతూ మొదలుపెట్టింది. కిటికీ గురించి, నొప్పి ఏ వైపు ఉందో భుజం వాలిన తీరులో తెలిసిపోవడం గురించి, తలకట్టు దవడ కదలకుండా కట్టుకున్నదన్న సంగతి గురించి చెప్పింది. మధ్యలో మాట మరిచిపోయి ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ అందుకుంది.

ఆ ఊపు చల్లారకముందే వెళ్లి బూడిదరంగు కోటాయన ఎదుట నిలబడింది. చెప్పాలనుకున్నది ఒకటి, నోటి నుంచి వచ్చింది ఒకటి.

"నమస్తే అండి, నేను కట్టుడు పళ్లు చేస్తాను."

ఆయన చప్పున పెదాలు మూసుకున్నాడు. బొమ్మలు కూడా చేస్తానని ఆమె సర్దుకునేలోగా మర్యాదగా తలూపి అవతలికి జరిగాడు. వదిన నెత్తి కొట్టుకుంది. గువ్వకు పారిపోవాలనిపించింది. కానీ ద్వారం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లను దాటాలంటే ఎలాగూ ఏదో ఒకటి అనాలి. ఆ మూడో గోడ మీద బొమ్మలు తనవేనని, తీరిక ఉంటే చూడమని అంది. వాళ్లు చూశారు. ఏమీ కొనలేదు.

వెళ్లేముందు పెద్దావిడ ఆమెను పిలిచింది. ఆవిడ ఒక ప్రసూతి ఆసుపత్రిలో నర్సులకు పెద్ద. పురుళ్ల గది బయట హాలులో గోడలు బోసిగా ఉన్నాయని, అక్కడ కాచుకుని ఉండేవాళ్లను చెక్కి ఇస్తే పెట్టిస్తానని చెప్పింది.

"కానీ కిటికీ చాటునుంచి కాదమ్మా. వాళ్లను అడిగి వెయ్యాలి."

తరువాతి సెలవురోజు గువ్వ పెన్సిలు, కాగితాల అట్ట పట్టుకుని ఆ హాలులో ఒక బెంచీ చివర కూర్చుంది. కూర్చుందే గానీ ఎవరినీ అడగలేకపోయింది. లేచి మంచినీళ్లు తాగి వచ్చింది. పెన్సిలు చెక్కింది. చెక్కిన పెన్సిలునే మళ్లీ చెక్కింది. ఎదురుగా భారీ మనిషి ఒకాయన, లోపల కూతురు ఉందట, గోడ నుంచి గోడకు ఆపకుండా తిరుగుతున్నాడు. చెప్పుల చప్పుడు ఆమె తలలో మోగుతోంది. చివరికి ఆమె లేచి ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"నేను బొమ్మలు వేస్తానండి. మీరు సరేనంటే మిమ్మల్ని వేస్తాను."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నన్నా? ఒక్క నిమిషం కూడా కూర్చోలేనమ్మా నేను ఇవాళ."

"కూర్చోవద్దండి. మీరు నడవండి. నేనూ నడుస్తాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి నడక మొదలుపెట్టాడు. గువ్వ అట్టను ఛాతీకి ఆనించుకుని పక్కనే నడుస్తూ గీయసాగింది. గోడ దగ్గర ఇద్దరూ ఒకేసారి తిరిగారు. గీతలు వంకర పోతున్నాయి. పోనిమ్మనుకుంది. మొదటి కాన్పా అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.