ఎవరి మనిషి

ఆ శనివారం నూకరాజుకి కాలు ఒకచోట నిలవలేదు. టోటో, అదే బ్యాటరీ ఆటో, తియ్యడం, ట్రాఫిక్ కాలనీ నుంచి స్టేషను దాకా ఒక బేరం వెయ్యడం, మళ్ళీ ఇంటి ముందుకొచ్చి ఆపడం.

"ఫోనొచ్చిందేటే?" అని వీధిలోంచే కేక.

"సోమారం చేస్తానన్నారు నాన్నా. ఇయ్యాల శనారం," అంది కూతురు నీలవేణి లోపల్నుంచి.

"శనారమైతే ఫోన్లు పన్చెయ్యవేటి?"

నీలవేణి మేదినీపూర్‌లో లా చదువుతోంది, నాలుగో ఏడు. ఈ చదువుకి పుస్తకం ఒక్కటీ చాలదట. సెలవుల్లో ఎవరో ఒక వకీలు దగ్గర చేరి, ఫైళ్ళు మోసి, కోర్టు గుమ్మాలు తొక్కి, ఇంటర్న్‌షిప్పు చేసినట్టు కాగితం తేవాలి. ఎవరి దగ్గర చేస్తే రేపు వాళ్ళ పేరే కూడు పెడుతుంది. ఆమె క్లాసులో ఒకడికి మేనమామ కలకత్తా హైకోర్టులో ఉన్నాడు. ఒకత్తెకి తండ్రే జడ్జి. నీలవేణికి ఉన్నది టోటో తోలే నూకరాజు.

అయినా పిల్ల తన దారి తనే చూసుకుంది. పోయిన వారం, రైల్వే పనులకని వలసొచ్చిన తెలుగువాళ్ళుండే ఈ కాలనీలో ఉచిత న్యాయ సలహా శిబిరం పెట్టారు. ఇందా బజారులో తన ఇడ్లీ బడ్డీ లాగేసుకున్నారని చిలకమ్మ తెలుగులో ఏడుస్తూ చెబుతుంటే, ఎదురుగా కూచున్న వకీలు సుచేతా మైతికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నీలవేణి పక్కన నిలబడి మాటకి మాట బెంగాలీలో చెప్పింది, ముసలమ్మ తిట్లు కూడా వదలకుండా. సుచేత కేసు తీసుకుంది. లేచేముందు నీలవేణి నంబరు కూడా తీసుకుంది. "నా చాంబర్లో ఈ సెలవులకి ఒకర్ని పెట్టుకోవాలి. సోమవారం ఫోన్ చేస్తాను" అంది.

నూకరాజు నమ్మలేదు. అతను పుట్టి బుద్ధెరిగాక ఏదీ ఊరికే వచ్చిన గుర్తు లేదు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ పోతే, ఆ ఉద్యోగం ఇద్దరు కొడుకుల్లో ఒకడికి రావాలి. అన్న యూనియన్ నాయకుడి ఇంటికి చేపలు మోశాడు. నూకరాజు దరఖాస్తు పెట్టి ఇంట్లో కూచున్నాడు. ఇప్పుడు అన్న రైల్వే క్వార్టర్‌లో ఫ్యాను కింద, నూకరాజు అదే క్వార్టర్ వెనక రేకుల గదిలో. ఎనిమిదితో బడి మానేసినవాడికి లోకం చెప్పిన పాఠం అదొక్కటే. మనకోసం అడిగేవాడు లేకపోతే దేవుడికి కూడా మన మొర వినబడదు.

మధ్యాహ్నానికి టోటో దానంతటదే ఇందా వైపు తిరిగింది. అక్కడ రాజ్ కిరణ్ ఆఫీసుంది. టోటో స్టాండులో ఎవడుండాలో, ఫుట్‌పాత్ మీద ఎవడమ్మాలో చెప్పేది అతనే. చిలకమ్మ బడ్డీలో ఇప్పుడు కూచున్నవాడు అతని బావమరిదే. ఇదంతా నూకరాజుకి తెలుసు. తెలిసే వెళ్ళాడు. పెద్దోళ్ళు కోర్టులో కొట్టుకుంటారు, పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూచుని తింటారు. అతను చూసిన లోకం అది.

"ఏటి నూకన్నా, లైనొదిలేసి ఇలగొచ్చినావు?" అన్నాడు రాజ్ కిరణ్.

"మా అమ్మాయి పని బాబూ. లా చదువుతోంది కదా. మేదినీపూర్‌లో మైతి దీదీ దగ్గర కొన్నాళ్ళు..."

"సుచేతా మైతీయా?" రాజ్ కిరణ్ కుర్చీలో ముందుకి వంగాడు. "ముందే చెప్పొద్దేటయ్యా! మన పిల్ల అక్కడుంటే మనకే మంచిది."

ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి, బెంగాలీలో అందుకున్నాడు. "నమస్కార్ దీదీ. నీలవేణని మా పిల్ల మీ దగ్గరకొస్తోంది. మా సొంత మనిషి, కాస్త చూసుకోండి. ఆఁ, ఆ ఇడ్లీల ముసల్దాని గొడవ... మా బావమరిది లాక్కున్నాడు, నిజమే, పిల్లలు గలవాడు, ఏం చేస్తాడు? మీరూ కొంచెం చూసీ చూడనట్టు పొండి."

అటునుంచి ఊపిరి చప్పుడు వినబడింది. తర్వాత ఫోను కట్టయిపోయింది.

"చూసినావా? ఒక్క మాట ఎదురు చెప్పనేదు," అన్నాడు రాజ్ కిరణ్. "ఠీక్ హై. ఇంక పో, నిద్రపో."

నూకరాజు నిజంగానే ఆ రాత్రి నిద్రపోయాడు.

సోమవారం పొద్దున్నే ఫోనొచ్చింది. నీలవేణి నిలబడే మాట్లాడింది. "ఆఁ దీదీ... కాదు దీదీ... నాకు తెలీదు దీదీ." ఫోను కింద పెట్టి తండ్రి వైపు తిరిగింది.

"రాజ్ కిరణ్ నాకేటవుతాడు నాన్నా?"

నూకరాజు తువ్వాలు దులిపాడు. "ఏటన్నాది ఆవిడ?"

"వాళ్ళ మనిషికి నా చాంబర్లో చోటు లేదన్నాది."

"సిఫార్సుంటే ఎక్కువవుద్ది గానీ తక్కువెలగవుద్దే?"

"ఆవిడ నా పని చూసి పిలిచింది. ఆవిడ ఎవుడి మీద కొట్లాడుతోందో ఆడి చేత నువ్వు చెప్పించినావు!"

"నాకోసం కాదు కదే నాను ఎల్లింది."

"నీకోసమే. రెండ్రోజులు ఇంట్లో కూకోలేకపోనావు."

నీలవేణి బట్టలన్నీ పెరట్లోకి మోసుకెళ్ళి బండకేసి బాదింది. ఉతికినవి కూడా మళ్ళీ ఉతికింది. నూకరాజుకి ఒక్కో దెబ్బా వీపు మీదే పడుతున్నట్టుంది.

మర్నాడు కూతురికి చెప్పకుండా మేదినీపూర్ లోకల్ ఎక్కాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, అయినా తలుపు దగ్గరే నిలబడ్డాడు. కాంసాయి ఏటి వంతెన మీద బండి నెమ్మదిస్తే దిగి తొయ్యాలనిపించింది.

సుచేతా మైతి కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని ఏదో చదువుతోంది. నూకరాజు నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా వచ్చిన బెంగాలీ అంతా ఒలకబోశాడు. తప్పు తనదనీ, ఫోను స్పీకర్లో పెడితే పక్కనే ఉండి విన్నాననీ, పిల్లకి ఏమీ తెలియదనీ, రాజ్ కిరణ్ తనకి టోటో స్టాండు దగ్గర తప్ప ఏమీ కాడనీ.

ఆమె చివరిదాకా వింది. "సరే, నమ్ముతున్నాను. మీ అమ్మాయిని రేపు పదింటికి రమ్మనండి."

నూకరాజు చేతులు జోడించి లేవబోయాడు.

"కూచోండి. ఇంకో మాటుంది. ఫోను స్పీకర్లో పెట్టాడన్నారు. తన బావమరిది బడ్డీ లాక్కున్నాడని అతను అనడం మీరు విన్నారు కదా? నేనూ విన్నాను. కానీ నా కేసులో నేనే సాక్ష్యం చెప్పలేను. మీరు చెప్పొచ్చు."

 చెబితే మర్నాటికి స్టాండులో తన టోటో ఉండదు.

"మీరు చెప్పేమాటైతే మాత్రం అమ్మాయిని పెట్టుకోలేను," అంది సుచేత. "సాక్షి కూతురు నా చాంబర్లో ఉంటే, పని ఆశ చూపించి సాక్ష్యం కొన్నానంటారు. చెప్పకపోతే ఆ చిక్కు లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. నేను బలవంతం చెయ్యను."

పెద్దోళ్ళెప్పుడూ ఇంతే, కత్తి మన చేతికే ఇచ్చి 'నీ ఇష్టం' అంటారని తిట్టుకుంటూ బయటపడ్డాడు. తిరుగు బండిలో, పిల్లకి మొదటి సగమే చెబుదామని నిశ్చయించుకున్నాడు. పిల్ల బాగుపడాలి. చిలకమ్మకి వేరే సాక్షులు దొరకరా? దొరకరని తెలుసు. బజారంతా రాజ్ కిరణ్ చేతి కిందే బతుకుతోంది.

"రేపు పదింటికి రమ్మన్నాదే," అన్నాడు ఇంట్లో అడుగు పెడుతూనే.

నీలవేణి మొహం విప్పారింది. ఏటి జరిగింది, ఎలగొప్పుకుంది అని అడగనైనా అడగలేదు. తెల్ల డ్రెస్సు తీసి ఇస్త్రీ పెట్టె వేడెక్కించింది. నూకరాజు మంచం మీద కూచున్నాడు. లేచాడు. కుండలో నీళ్ళు తాగాడు. గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. పిల్ల చేతుల మడత మీద పెట్టె నొక్కుతోంది, నోట్లో ఏదో కూనిరాగం.

"ఇంకో మాట కూడా అన్నాదే," అన్నాడు చివరికి. మిగిలిన సగం కూడా చెప్పేశాడు.

రాగం ఆగిపోయింది. పెట్టె ఒకేచోట ఉండిపోయి గుడ్డ కమురు వాసన వచ్చేదాకా ఆమె కదల్లేదు. తర్వాత ప్లగ్గు పీకేసింది. డ్రెస్సు సగం ఇస్త్రీతోనే మడిచి పక్కన పెట్టింది.

"ఆ స్టూలు ఇటు లాగి కూకో."

"ఏటే?"

"కూకో నాన్నా." తను ఎదురుగా నిలబడింది. గొంతు మార్చింది. "శనివారం మీరు రాజ్ కిరణ్ ఆఫీసుకి ఎందుకు వెళ్ళారు?"

"నీకు తెలీదేటి?"

"నాకు తెలుసు, జడ్జికి తెలీదు. చెప్పండి."

కూతురు 'మీరు' అంటుంటే నూకరాజుకి ఎటు చూడాలో తెలియలేదు. "పని అడగడానికి. మా అమ్మాయికి."

"పని వచ్చిందా?"

"...నేదు."

"అయితే ఆ అక్కసుతో ఆయన మీద అబద్ధం చెబుతున్నారు. అంతేనా?"

"ఛీ! ఏటా మాటలు!" నూకరాజు స్టూలు తన్నేసి లేచాడు.

"లేవకు. ఆ పక్క వకీలు ఇంతకంటే పచ్చిగా అడుగుతాడు. నువ్వు లేస్తే చిలకమ్మ ఓడిపోయినట్టే."

నూకరాజు స్టూలు నిలబెట్టాడు. కూచున్నాడు. లేవబోయే కాళ్ళని రెండు చేతులతో పట్టి ఉంచాడు.

"అక్కసేటి బాబూ," అన్నాడు, ఎదుట నల్లకోటు ఉన్నట్టే. "వచ్చిన పనే. ఒకసారి తొందరపడి పోగొట్టినాను. ఇప్పుడు తెలిసే పోగొడతన్నాను. అబద్ధమాడే రకమైతే నోరు మూసుకుని ఇంట్లో కూకుందును, మా పిల్ల ఈపాటికి ఆ దీదీ ఫైళ్ళు మోసుకుంటా..."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇదే చెప్పు. ఏడవకుండా చెప్పు," అంది నీలవేణి.  మొహం గోడవైపు తిప్పుకుని, ఒకసారి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఇటు తిరిగింది.

"మొదట్నుంచి అడుగుతున్నాను. మీ పేరు?"