కట్టమ్మ ఎంచుకున్న యాంప్లిఫయర్

సికింద్రాబాదులోని ఆ వాద్యాల దుకాణంలో అడుగుపెట్టిన అరగంటకే కట్టమ్మ అక్కడి సేటుకు విసుగు తెప్పించింది. ఆమె పాటేమీ వాయించలేదు. గిటారు లావు తీగను ఒక్కసారి గట్టిగా మీటి, ఆ మోత ఎంతసేపు నిలుస్తుందో వినేది. తర్వాత యాంప్లిఫయర్ మీది గెయిన్ నాబ్ ఇంకొంచెం కుడికి తిప్పి మళ్ళీ మీటేది.

"గెయిన్ అంత పెంచితే సౌండు పగులుతుందమ్మా. నాలుగు మీద పెట్టుకో, తేటగా పలుకుతుంది," అన్నాడు సేటు.

"పగలాలనే తిప్పుతాన," అంది కట్టమ్మ.

పక్కనే నిలబడ్డ కిషన్ రావు గడియారం చూసుకున్నాడు. ఆయనకు వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళలో, సభల్లో పాటలు వినిపించే మ్యూజికల్ పార్టీ కూడా ఆయనదే. కట్టమ్మ రెండేళ్ళుగా ఆ పార్టీలో గిటారు వాయిస్తోంది. పాత యాంప్లిఫయర్ కాలిపోవడంతో కొత్తది కొనడానికి పొద్దున్నే ఇద్దరూ రైల్లో వచ్చారు. 1984, కార్తీకం. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి.

దుకాణంలో రెండే ఉన్నాయి. ఒకటి కొత్త ట్రాన్సిస్టర్ రకం, ముందంతా తళతళలాడే వెండిరంగు పట్టీ. సన్నగా మీటితే మంచినీళ్ళలా పలికింది. గెయిన్ పెంచేసరికి మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు గరగరమంది, తీగ మోత వెంటనే చచ్చిపోయింది. రెండోది మూలన పడి ఉన్న పాత వాల్వుల పెట్టె, లోపల గాజు గొట్టాలు వెలిగే రకం. ముందున్న గుడ్డ చిరిగిపోయింది. సేటు దాన్ని అమ్మకానికి పెట్టలేదు, రిపేరుకు పెట్టాడు. కట్టమ్మ అడిగితే తగిలించాడు. గెయిన్ చివరిదాకా తిప్పి ఆమె తీగ మీటింది. మోత బొంగురుపోయి, లావెక్కి, ఆమె చేయి తీసినా ఆగకుండా గది నిండా నిలబడింది. కింద గాజు అల్మారాలో పెట్టిన మౌతార్గన్లు గలగల కదిలాయి.

మూడేళ్ళ కిందట ఒక క్యాసెట్లో ఇటువంటి మోత విన్నప్పటి నుంచి ఆమె వెతుకుతున్నది ఇదే.

"ఇది కావాలె సార్," అంది.

కిషన్ రావు నవ్వాడు. "ఆ గరగర ఎవలికి గావాలె? పెండ్లికి వచ్చినోళ్ళు బువ్వ ఇడిసిపెట్టి ఉరుకుతరు. సేటు, ఆ కొత్తది కట్టియ్యి."

కట్టమ్మ ఇల్లు కాజీపేటలో, రైల్వే కాలనీ వెనక బస్తీలో. తండ్రి మొగిలి ధాన్యం మార్కెట్లో హమాలీ, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి చిలుకమ్మ కాలనీలోని ఒక క్వార్టరులో వంట చేసేది. ఆ క్వార్టరులో ఇంజన్ డ్రైవరు భార్య డోరతమ్మ ఉండేది. తల్లి గిన్నెలు తోముతుంటే గుమ్మంలో కూర్చున్న పిల్లను పిలిచి ఆమె గిటారు నేర్పింది. ఆ క్యాసెట్ కూడా ఆమె మేనల్లుడు బొంబాయి నుంచి తెచ్చిందే. వేళ్ళు బిగుసుకుపోయి ఇక వాయించలేనప్పుడు తన కరెంటు గిటారును కట్టమ్మకిచ్చి, భర్త రిటైరయ్యాక బెంగుళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ క్వార్టరులోకి రాజేశ్వర్ రావు అనే ఆఫీసరు వచ్చాడు. చిలుకమ్మ అదే వంటింట్లో కొనసాగింది.

కొత్త యాంప్లిఫయర్‌తో మొదటి పెళ్ళి నర్సంపేటలో. మధ్యాహ్నం భోజనాల వేళ పార్టీ వాయిస్తోంది. పాటకూ పాటకూ మధ్య గిటారు ఒంటరిగా మోగే చోట కట్టమ్మ గెయిన్ పెంచింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి చెవిలో వేలు పెట్టుకున్నాడు. కిషన్ రావు వేదిక వెనక నుంచి వచ్చి, ఆమె వాయిస్తుండగానే వాల్యూమ్ సున్నాకు తిప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆరు పాటలకు ఆమె వేళ్ళు ఆడాయి, చప్పుడు మాత్రం లేదు. పందిట్లో ఎవరూ గమనించలేదు. వడ్డించేవాళ్ళు వడ్డిస్తున్నారు, తినేవాళ్ళు తింటున్నారు. గిటారు లేని సంగతి ఎవరికీ పట్టకపోవడమే కట్టమ్మను ఎక్కువ కోసింది. అయినా కార్యక్రమం అయ్యేదాకా నిలబడి వాయించింది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో చెప్పింది.

"రేపటి నుంచి నేను రాను సార్."

"నువ్వు రాకుంటే గిటారు కొట్టెటోళ్ళు దొరకరనుకున్నవా?"

"దొరుకుతరు. నాకు గావలసిన సౌండే మీ తాన దొరుకుతలేదు."

హనుమకొండ చౌరస్తా వెనక సందులో సారంగపాణికి మైకుసెట్టు దుకాణం ఉంది. పాత రేడియోలు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు. ట్రాన్సిస్టర్ మిషన్లు వచ్చాక ఆయన తన పాత వాల్వుల యాంప్లిఫయర్‌ను అటక మీద పడేశాడు. కట్టమ్మ దానికోసం వెళ్ళింది.

"అది మైకు మిషన్ బిడ్డా. నీ గిటారుకు పనికిరాదు," అన్నాడు.

"వాల్వులు మంచిగున్నయా కాకా?"

"వాల్వులకేమైంది, గుండ్రాళ్ళ లెక్కున్నయి. కానీ జాతరల మాటలు వినపడేటందుకు చేసిన మిషన్ అది. నీకేం గావాలె అసలు?"

ఆమె సికింద్రాబాదులో విన్నది విన్నట్టు చెప్పింది. సారంగపాణి బీడీ ఆర్పాడు. "అంటే ఒక్క గెయిన్ చాలదు. ఒక వాల్వు పెంచినదాన్ని ఇంకో వాల్వుకు పట్టుకపోయి మళ్ళ పెంచాలె. పొంగుతాన్న చెరువుల ఇంకో చెరువు తెంపి ఇడిసినట్టు. ముప్పయేండ్ల సంది మిషన్లల్ల గరగర తీసేసుడే నా పని. నువ్వేమో పెట్టమంటానవ్."

"పెట్టు కాకా. అందుకు నీ దుకాణంల ఏ పని జెప్పినా చేస్త."

ఆయన ఒప్పుకున్నాడు. కట్టమ్మ రెండు నెలలు రోజూ వచ్చింది. మైకు హారన్లు తుడిచింది, వైర్లు చుట్టింది, టంకం వేయడం నేర్చుకుంది. వాల్వుల మిషన్ లోపల మనిషిని చంపేంత కరెంటు ఉంటుందని, ప్లగ్గు తీసినా కొంతసేపు లోపల దాక్కుని ఉంటుందని సారంగపాణి మొదటిరోజే చెప్పాడు. "ఒక చెయ్యి ఎప్పటికి ఎనుకకు పెట్టుకో, రెండు తాకితే కరెంటు గుండెలకెల్లి పోతది," అనేవాడు. ఒకసారి ఆమె మరిచిపోయింది. దెబ్బకు వెళ్ళి గోడకు కొట్టుకుంది. లేచి, నీళ్ళు తాగి, ఎడమచేయి వీపు వెనక్కి పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

రెండో గెయిన్ కుదిరాక స్పీకరు కుదరలేదు. హారన్ తగిలిస్తే చెవిలో సూది పొడిచినట్టుంది. రేడియో స్పీకరు పెడితే కీచురాయిలా గీపెట్టింది. నర్సంపేటలో మూతపడ్డ టూరింగ్ టాకీసు స్పీకరు ఒకటి అమ్మకానికుందని తెలిసి, ఆమె పోయి బస్సు మీద వేయించుకుని తెచ్చింది. దాని అట్ట ఒకచోట చిరిగి ఉంది. పలచటి కాగితం, బంక పెట్టి అతికించి, మామిడి చెక్కల పెట్టెలో బిగించారు. ఆ సాయంత్రం గిటారు తగిలించి గెయిన్లు రెండూ పూర్తిగా తిప్పి మీటింది.

ఎదురుగా ఉన్న కిరాణా దుకాణదారు తూకం ఆపి ఇటు చూశాడు. మోత పొట్టలోంచి లేచినట్టు లేచి, తెగకుండా నిలబడింది. సికింద్రాబాదులో విన్నదాని కంటే మొరటుగా ఉంది. కట్టమ్మకు అదే నచ్చింది.

"కింద గుయ్యని హమ్ వస్తాంది. గెయిన్ సగం దించితే పోతది," అన్నాడు సారంగపాణి.

"ఉండనీ కాకా. దించితే ఇది కూడ పోతది."

పెట్టెను ఇంటికి తెచ్చి తల్లికి వినిపించింది. చిలుకమ్మ చేటలోని బియ్యం ఏరుతూ మొత్తం విన్నది. "గిర్నిల మిరపకాయలు పట్టినట్టున్నది," అంది.

కిషన్ రావు పార్టీలో డ్రమ్స్ వాయించే వెంకట్రాజం రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు. కట్టమ్మ వెళ్ళిపోయిందని తెలిసి, తనే వచ్చి యాంప్లిఫయర్ విని, కలిసి వాయిద్దామన్నాడు. ఇద్దరూ కలిసి మూడు బాణీలు కట్టారు. మాటల్లేవు, గిటారూ డ్రమ్సే. జనవరి ఇరవై ఆరున కాలనీ సాంస్కృతిక సంఘం హాల్లో జరిగే కార్యక్రమంలో పదిహేను నిమిషాలు దొరికాయి. ఆ సంఘానికి కార్యదర్శి రాజేశ్వర్ రావు. వంటమనిషి కూతురు గిటారు వాయిస్తుందంటే, దేశభక్తి గీతాలు కాబోలనుకుని పేరు రాసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి హాలు నిండింది. ఆఫీసర్ల కుటుంబాలు కుర్చీల్లో, లోకోషెడ్డు కార్మికులు వెనక బెంచీల మీద. కిషన్ రావు పార్టీ ముందు వాయించింది, చప్పట్లు పడ్డాయి. తర్వాత కట్టమ్మ మామిడి చెక్కల పెట్టెను వేదిక మీదికి ఎత్తించింది.

మొదటి మోతకే ముందు వరసలోని పసిపిల్ల ఏడ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. మొదటి బాణీ అయ్యేసరికి కుర్చీల్లో సగం ఖాళీ. వెనక బెంచీల్లో మాత్రం ఎవరూ కదల్లేదు. రాజేశ్వర్ రావు వేదిక మెట్ల దాకా వచ్చాడు.

"అమ్మాయ్, సౌండ్ తగ్గించు. ఇది మర్యాదస్తుల హాలు."

"తగ్గిస్తే ఇది ఇది గాదు సార్. నా పదిహేను నిమిషాలు అయినంక దిగుత."

రెండో బాణీ మొదలుపెట్టింది. రాజేశ్వర్ రావు గోడ దగ్గరికి నడిచి వేదిక మెయిన్ స్విచ్ దించేశాడు. గిటారు నడుమలోనే చచ్చింది. వెంకట్రాజం డ్రమ్స్ ఇంకో నాలుగు దెబ్బలు మోగి ఆగిపోయాయి.

నర్సంపేట పెళ్ళిలో చేసినట్టు ఆమె ఈసారి ఉత్త తీగలు మీటలేదు. గిటారు మెడలో అలాగే ఉంచుకుని, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది.

"దిగు," అన్నాడు రాజేశ్వర్ రావు.

"దిగను సార్."

అప్పుడు వెనక నుంచి చిలుకమ్మ లేచింది. తలుపు పక్కన కింద కూర్చుని ఉందామె. హాలు నడుమ నుంచి నడిచి వచ్చి, తాను రోజూ అన్నం వండిపెట్టే మనిషిని దాటుకుని, స్విచ్ పైకెత్తింది. ఎత్తి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"చిలుకమ్మా, పక్కకు జరుగు," అన్నాడు రాజేశ్వర్ రావు.

"ఆ సప్పుడు నాకు గూడ నచ్చది అయ్యగారూ. ఇంట్ల రోజు తిడుత," అంది చిలుకమ్మ. "అయితే వాయించుమని పేరు రాసుకున్నది మీరే. నా బిడ్డ ఆపేదాక దాన్ని ఎవ్వలు ఆపొద్దు."

వాల్వులు చల్లబడ్డాయి. మళ్ళీ వేడెక్కి పలకడానికి అర నిమిషం పడుతుంది. పెట్టె వెనక గాజు గొట్టాల్లో ఎర్రటి వెలుగు మెల్లగా రాజుకుంది. హమ్ వినిపించింది. కట్టమ్మ తల్లి వైపు ఒకసారి చూసి, లావు తీగ మీటింది.

మిగిలిన రెండు బాణీలూ పూర్తిచేసింది. తనకిచ్చిన సమయం మీద ఒక్క నిమిషం కూడా ఎక్కువ తీసుకోలేదు. కుర్చీల్లో పదిమంది కూడా మిగల్లేదు. వెనక బెంచీలవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సామాను సర్దుతుంటే కిషన్ రావు వచ్చాడు. "మళ్ళ రా పార్టీకి. ఈ డబ్బా గూడ తెచ్చుకో. కాకపోతే సగం సౌండుల పెట్టుకోవాలె."

"దీనికి సగం రాదు సార్," అంది కట్టమ్మ.

మరునాడు పొద్దున చిలుకమ్మ ఎప్పటిలాగే పనికి పోయింది. రాజేశ్వర్ రావు భార్య విజయలక్ష్మి గుమ్మంలోనే ఆపి, ఇక రావద్దని చెప్పింది. పదహారేళ్ళుగా తన చేతుల్లో అరిగిన ఆ వంటింట్లోకి చిలుకమ్మ ఒకసారి తొంగి చూసి ఇంటికి వచ్చేసింది. కట్టమ్మ ఆ రోజంతా గిటారు ముట్టలేదు.

"నాతోనే పోయింది గదనే నీ పని," అంది సాయంత్రం.

"నీతోని కాదు. స్విచ్చు ఎత్తింది నేను," అంది చిలుకమ్మ. "ఇంకో పొయ్యి దొరకదా?"

దొరికింది. పదిహేను రోజులకు వెంకట్రాజం మాట సాయంతో లోకోషెడ్డు క్యాంటీనులో వంటకు కుదిరింది. కాలనీ హాల్లో కట్టమ్మను మళ్ళీ ఎప్పుడూ వాయించనివ్వలేదు. పెళ్ళిళ్ళకూ ఎవరూ పిలవలేదు. సారంగపాణి దుకాణంలో రేడియోలు బాగుచేస్తూ ఆమె తన ఖర్చులు తాను చూసుకుంది, సాయంత్రాలు వెంకట్రాజంతో కొత్త బాణీలు కట్టింది.

ఏప్రిల్ ఆఖరున ఒకరోజు చిలుకమ్మ క్యాంటీను నుంచి వస్తూనే చెప్పింది. "మేడే నాడు షెడ్డు ముంగట మైదానంల మీటింగట. నిన్ను వాయించుమంటాన్లు."

"సౌండు తక్కువ పెట్టాల్నని అన్నరా?"

"ఆ ముచ్చట నేనే ముందుగాల అడిగిన. దించుమంటే నా బిడ్డ రాదన్న." చిలుకమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఎంతుంటే అంత పెట్టుమన్నరు. నేను మాత్రం జర దూరంగ కూసుంట."

మే ఒకటిన, పట్టపగలు, ఎండలో, తల్లీకూతుళ్ళిద్దరూ ఆ పెట్టెను చెరో పక్కా పట్టి రిక్షా మీదికి ఎత్తారు.