పెద్దింటి వెనక వాకిలి

ముసలివాళ్ళని పగలంతా చూసుకునే బడి బండి డ్రైవరు ఫోన్ చేసేసరికి గుమ్‌రన్ తన ఊరు సోల్గోల్ మొదట్లో నిలబడి, బస్సు దిగుతున్నవాళ్ళకి ఒంగి నమస్కారాలు పెడుతోంది.

"మీ అమ్మగారు ఇంట్లో లేరమ్మా. తలుపులు బార్లా తీసున్నాయి. నువ్వేమైనా వెంట తీసుకెళ్ళావా?"

"లేదే! పొద్దున్నే గంజి తాగించి, స్వెట్టర్ తొడిగి, బండి వస్తుంది కదలొద్దని చెప్పొచ్చాను."

"మెళ్ళో వేసుకునే ఫోన్ నంబరు బిళ్ళ తలుపు గొళ్ళానికి తగిలించి ఉంది. నేను వీధంతా చూశాను."

అమ్మ కన్నాన్‌కి ఎనభై దాటుతున్నాయి. మతిమరుపు మొదలై మూడో ఏడు. ఇంతకుముందూ రెండుమూడుసార్లు తప్పిపోయింది కానీ, ప్రతిసారీ బస్టాపులోనో, మిరపతోట గట్టు మీదో దొరికేది. గుమ్‌రన్ పక్కింటామెకి ఫోన్ చేసి ఆ రెండుచోట్లా చూడమని చెప్పింది. పోలీసులకీ చేసింది. కొండ అవతలి స్టేషన్ నుంచి మనుషుల్ని పంపుతామన్నారు వాళ్ళు.

ఈలోగా బస్సు దిగినవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. సముద్రం ఒడ్డు పట్నం నుంచి వచ్చిన పాత బడి స్నేహితులు, అందరూ డెబ్బై ఏళ్ళవాళ్ళే. ఎర్రవీ పచ్చవీ కొండలెక్కే కోట్లు వేసుకుని పిల్లల్లా గోలగోలగా ఉన్నారు. వాళ్ళలో పెద్ద నోరు హ్వాంగ్ గారిది.

"ఏమ్మా గైడూ, ఎద్దుని పోగొట్టుకున్న రైతులా ఉందేంటి మొహం? మమ్మల్ని చూసి భయపడ్డావా?"

అందరూ నవ్వారు. గుమ్‌రన్ కూడా నవ్వింది. "నాకు పనుంది, మీరు వెనక్కి వెళ్ళండి" అనగలిగే స్థితి ఆమెకి లేదు. ఎండాకాలంలో ఒకసారి ఇలాగే అమ్మ కోసం సందర్శకుల్ని నడివీధిలో వదిలేసి పరుగెత్తింది. ఇంకోసారి ఇలా జరిగితే మరి రానక్కర్లేదని ఊరి వ్యవహారాలు చూసే ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పారు. ఈ పూటకి ఊరంతా ఎలాగూ తిరగాలి. తిరుగుతూనే వెతుక్కోవచ్చని మనసుకి సర్దిచెప్పుకుంది.

"రండి, ఈ మట్టిగోడల సందులోంచి వెళ్దాం," అని ముందు నడిచింది.

కార్తీకం చలి. నది మీంచి వచ్చే గాలి చెవులు కోస్తోంది. గడ్డికప్పు ఇళ్ళ ముందు కొత్త గడ్డి మోపులు పడున్నాయి. గుమ్‌రన్ నోరు తన పని తాను చేసుకుపోతోంది. కొండ వీపునీ నది ముంగిటినీ కాచే చోటు చూసి నామ్ వంశం వారు ఇక్కడ ఇల్లు కట్టారని, కూలివాళ్ళు ఊరి అంచున గడ్డి ఇళ్ళలో ఉండేవారని, ఏళ్ళ తరబడి చెప్పిన మాటలే చెబుతోంది. కళ్ళు మాత్రం గోడల మీంచి ప్రతి పెరట్లోకీ దూకుతున్నాయి. ఒక ఇంటి ముందు అవసరానికి మించి నిలబడింది. ఇంకో ఇంట్లో కోళ్ళగూడు వెనక్కి కూడా తొంగిచూసింది.

"మా గైడమ్మ కథలన్నీ కోళ్ళకి చెప్తోందిరా!" అన్నాడు హ్వాంగ్. "అమ్మాయ్, మేం ఇటున్నాం. మాకు ఈకల్లేవు గానీ చెవులున్నాయి."

"ఊరుకోండి. మీ చెవులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే," అంది ఆయన భార్య. సన్నగా, తల నెరిసి, మాట తక్కువ మనిషి. ఆవిడ ఇందాకట్నుంచీ గుమ్‌రన్ చేతుల వంకే చూస్తోంది. ఆ చేతులు ఫోన్‌ని పిండేస్తున్నాయి.

పక్కింటామె ఫోన్ చేసింది. బస్టాపులో లేదు. మిరపతోటలో లేదు. శ్మశానం దారిలో ఎదురైన వాళ్ళెవరూ చూడలేదు.

పెద్దింటి ముందుకి వచ్చారు. నామ్ వారి పెద్దిల్లు ఊరికి తలకాయ లాంటిది. నల్లటి పెంకుల కప్పు, గుర్రం మీద మనిషి తల వంచకుండా వెళ్ళగలిగేంత ఎత్తు ద్వారం. గుమ్‌రన్ ఇక్కడ ఎప్పుడూ గొంతు కొంచెం పెంచేది. "కరువు రోజుల్లో కూడా ఈ గుమ్మంలోకి ఆకలితో వచ్చినవాళ్ళు ఆకలితో తిరిగి పోలేదండీ" అని చెప్పేది. ఇవాళ ఆ మాట సగంలో ఆగిపోయింది. పెద్దింటి కోడలు అరుగు మీద ఎండు రేగుపళ్ళు ఏరుకుంటోంది. అరవై దాటిన మనిషి, కూర్చున్న తీరులో కూడా నిటారుతనం. గుమ్‌రన్ ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, మా అమ్మ ఇటేమైనా వచ్చిందా?"

"మీ అమ్మా? ఇటా?" ఆవిడ వింతగా చూసింది. "నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఈ గడప తొక్కగా చూడలేదు. పండక్కి పిలిచినా పొలం గట్టు మీంచి చుట్టూ తిరిగి పోయేది కదా."

నిజమే. అమ్మకి పెద్దిల్లంటే పడదు. చిన్నప్పుడు గుమ్‌రన్ ఆ గోడ పక్కన ఆడుకుంటే జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చేది. ఎందుకమ్మా అంటే, "గొప్పవాళ్ళ నీడ కూడా బరువే" అనేది. అంతకుమించి ఒక్క ముక్క పెగిలేది కాదు.

ఇక మిగిలింది నది ఒకటే. అందర్నీ నది మీది మండపానికి నడిపించింది గుమ్‌రన్. నడిపించిందనడం కన్నా పరుగెత్తించిందనాలి. వెనక ఆయాసాలు, "మెల్లగా తల్లీ, మోకాళ్ళు మావి" అన్న కేకలు వినిపిస్తున్నా ఆమె ఆగలేదు. మండపం రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. దుంగల వంతెన ఖాళీగా ఉంది. ఇసుక తిన్నె ఖాళీగా ఉంది. తిన్నెకి అవతల, రెల్లు పొదకి చిక్కుకుని, నీళ్ళలో తెల్లగా ఏదో పొంగుతోంది. పొంగి మునుగుతోంది.

అమ్మ స్వెట్టర్ తెల్లది.

గుమ్‌రన్ మెట్లు దిగలేదు, దొర్లింది. ఇసుకలో పడి లేచి, బూట్లతోనే నీళ్ళలోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళని సూదుల్లా పొడుస్తున్నాయి. చెయ్యి చాచి ఆ తెల్లటిదాన్ని లాగింది. ఎరువు బస్తా. ఖాళీ ఎరువు బస్తా.

ఆమె దాన్ని గుండెకి అదుముకుని నీళ్ళలోనే ఏడ్చింది. పైనుంచి ఎవరూ జోకులెయ్యలేదు. హ్వాంగ్ పాంట్లు ఎగదోపుకుని వచ్చి చంకలో చెయ్యేసి ఒడ్డుకి తీసుకొచ్చాడు.

"ఎవరమ్మా? ఎవరు పోయారు?"

"మా అమ్మ. పొద్దున్నుంచీ కనబడ్డంలేదు."

"పొద్దున్నుంచా? అది గుండెలో పెట్టుకుని మాకు పెంకుల లెక్క చెప్తున్నావా ఇంతసేపూ?" అని కసిరాడు. తన వాగుడు తనకే గుర్తొచ్చినట్టుంది, మొహం తిప్పుకున్నాడు. వెంటనే వెనక్కి తిరిగి అరిచాడు. "ఒరేయ్, వినండి! ఊరు చూసింది చాలు. మోకాళ్ళు బావున్నవాళ్ళు నది వెంబడి. లేనివాళ్ళు సందులు. తెల్ల స్వెట్టర్, ముసలావిడ. పేరేంటమ్మా?"

"కన్నాన్."

ఆ తరంవాళ్ళకి అలాంటి పేర్లు కొత్త కాదు. కన్నాన్ అంటే అప్పుడే పుట్టిందని అర్థం. పేరు ఆలోచించే తీరిక కూడా లేని ఇళ్ళల్లో ఆడపిల్లల్ని అలాగే పిలిచేవాళ్ళు. ఎర్రకోట్లూ పచ్చకోట్లూ నాలుగువైపులా చెదిరిపోయాయి. "కన్నాన్ గారూ! అక్కయ్యగారూ!" అని కేకలు.

హ్వాంగ్ భార్య మాత్రం కదల్లేదు. గుమ్‌రన్ తడిసిన మేజోళ్ళు ఊడదీసి, తన మఫ్లర్‌తో పాదాలు తుడిచింది.

"మా అత్తగారు కూడా ఇలాగే తిరిగేది," అంది. "మేం ఆవిడకి ఇష్టమైన చోట్లన్నీ వెతికేవాళ్ళం. అక్కడ ఉండేది కాదు. భయమేసే చోటికి పోయేది. చిన్నప్పుడు సైనికులొస్తే దాక్కున్న సొరంగం దగ్గర దొరికింది ఒకసారి. మీ అమ్మకి ఎక్కడికి వెళ్ళాలంటే భయం తల్లీ?"

గుమ్‌రన్ ఆవిడ మొహంలోకి చూసి, వట్టి కాళ్ళతో లేచి పరుగెత్తింది.

పెద్దింటి ముందు ద్వారం వైపు పోలేదు. ఇంటి వెనక, కొండ మొదట్లో, వెదురు గుబురు చాటున ఇంకో వాకిలి ఉంది. నడుం దాకా వంగితే గానీ దూరలేని వాకిలి. పనివాళ్ళు నీళ్ళూ కట్టెలూ మోసుకొచ్చేది అందులోంచే. సందర్శకులకి దాన్ని చూపించే ఆనవాయితీ లేదు. తలుపు ఒక చెక్క ఊడి వేలాడుతోంది.

లోపల పాత వంటిల్లు. ఎవరూ వాడక దుమ్ముకొట్టుకుపోయింది. గది నేల కింద వేడి పాకడానికి మంటపెట్టే పొయ్యి ముందు, మట్టిలో, ముడుచుకుని కూర్చుని ఉంది కన్నాన్. చెప్పుల్లేవు. తెల్ల స్వెట్టర్ మసికొట్టుకుంది. పొయ్యి నోట్లోకి తలదూర్చి చల్లటి బూడిదని ఊదుతోంది. ఊదినప్పుడల్లా బూడిద లేచి మొహం మీద పడుతోంది. మళ్ళీ ఊదుతోంది.

"అమ్మా!"

ముసలామె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గుమ్‌రన్‌ని కాదు చూసింది, ఆమెని దాటి లోపలి గుమ్మంలోకి చూసింది. అలికిడి విని లోపలి వైపు నుంచి పెద్దింటి కోడలు వచ్చి నిలబడి ఉంది. కన్నాన్ అంతెత్తునుంచి కూలినట్టు నేల మీద పడి, నుదురు మట్టికి ఆనించింది.

"నిద్రపోలేదండీ అమ్మగారూ! నిజంగా నిద్రపోలేదు. కట్టెలు పచ్చివండీ, అందుకే ఆరిపోయింది. ఇప్పుడే రాజేస్తాను. నన్ను కొట్టండి. దాన్ని బయట ఉంచకండి. దానికి నాలుగేళ్ళేనండీ. మంచు పడుతోందండీ."

"ఎవరినమ్మా?" గుమ్‌రన్ పక్కన కూర్చుని భుజాలు పట్టుకుంది. "అమ్మా, నేను గుమ్‌రన్‌ని. ఎవరు బయట ఉన్నది?"

"మక్‌సున్ అండీ. మా చెల్లెలు."

అమ్మకి చెల్లెలుందని గుమ్‌రన్ యాభై మూడేళ్ళ జీవితంలో వినలేదు. తాత ఎవరో అమ్మమ్మ ఎవరో కూడా తెలియదు. యుద్ధంలో అందరూ పోయారని, ఒంటరిదాన్నని చెప్పేది అమ్మ.

"ఆ పొయ్యి పక్కన పడుకుంటే దానికి వెచ్చగా ఉండేదండీ. ఇంకెప్పుడూ లోపలికి తీసుకురాను. ఈ ఒక్క రాత్రికి రానివ్వండి. తలుపు తియ్యండి అమ్మగారూ. గోకుతోంది చూడండి, తలుపు గోకుతోంది."

బయట వెదురు ఆకులు గోడకి రాసుకుంటున్నాయి.

గుమ్‌రన్ తలెత్తి పెద్దింటి కోడలి వంక చూసింది. "ఏదో ఒకటి చెప్పండి అమ్మగారూ. మీ నోటితో ఒక్క మాట. రమ్మనండి చాలు."

ఆ నిటారు మనిషి గుమ్మం పట్టుకుంది. "ఇదంతా నేను రాకముందు," అంది. మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు, "మా అత్తగారు చివరి రోజుల్లో మక్‌సున్, మక్‌సున్ అని కలవరించేది. ఎవరత్తయ్యా అంటే మొహం గోడవైపు తిప్పుకునేది," అంది. ఆ తర్వాత మెట్టు దిగి వచ్చి, పట్టు పావడా మట్టిలో పడుతుంటే, కన్నాన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కన్నాన్, లోపలికి పిలుచుకో దాన్ని. తలుపు తీసే ఉంది."

"నిజమేనా అండీ?"

"నిజమే. పిలుచుకో."

ముసలామె మొహం ఒక్కసారిగా పసిపిల్ల మొహమైపోయింది. ఆ చిన్న వాకిలి వైపు తిరిగి, బూడిద నోటితో పిలిచింది. "మక్‌సునా! రావే, అమ్మగారు రమ్మన్నారు. మక్‌సునా!"

ఎవరొస్తారు? వాకిట్లో హ్వాంగ్ భార్య ఉంది, ఆమె వెనక హ్వాంగ్, టోపీ చేత్తో పట్టుకుని. కన్నాన్ మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. పిలిచేకొద్దీ గొంతులోంచి ఆశ జారిపోయి, కేక మిగిలింది. "రావట్లేదండీ. ఎందుకు రావట్లేదండీ? దాని చేతులు బిగుసుకుపోయాయా?"

ఇక వినలేక గుమ్‌రన్ ఆమెని రెండు చేతుల్లో ఎత్తుకుంది. ఎండుకట్టెల మోపంత కూడా బరువు లేదు. వాకిలి చిన్నది కావడంతో, తల్లిని గుండెకి అదుముకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటపడింది. అప్పటికి పోలీసులు వచ్చారు, అంబులెన్సు వచ్చింది. బండిలోకి ఎక్కిస్తున్నంతసేపూ తల్లి అందరి చేతులూ తప్పించుకుని వెదురు పొద వైపు చూస్తూనే ఉంది.

ఎర్రకోట్లవాళ్ళు బస్సెక్కే ముందు హ్వాంగ్ వచ్చి ఏదో చెప్పబోయాడు. తన చేతి తొడుగులు తీసి గుమ్‌రన్ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు.

పట్నం ఆసుపత్రిలో పాదాలకి కట్లు కట్టి, ఊపిరితిత్తులు పరీక్ష చేసి, ఒంట్లో ప్రమాదమేమీ లేదు, కనిపెట్టుకుని ఉండండి అని మర్నాడు పంపించేశారు. ఆఫీసువాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గుమ్‌రన్ ఎత్తలేదు. ఏమంటారో తెలుసు, అనిపించుకునే ఓపిక లేదు.

ఇంటికొచ్చాక గది నేల వెచ్చబడేదాకా ఉండి అమ్మని పడుకోబెట్టింది. సాయంత్రపు వెలుగు తలుపుకి అతికించిన పల్చటి కాగితం మీద పసుపుగా ఉంది. కన్నాన్ కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు రోజులుగా ఆమె కూతుర్ని గుర్తుపట్టలేదు. గంజి పెడితే నోరు బిగించింది, "దానికి పెట్టందే నాకొద్దు" అంది.

గుమ్‌రన్ గిన్నె పక్కన పెట్టి, అలసిపోయి, తల్లి పక్కన చాప మీద ఒరిగింది. కన్నాన్ కాసేపు ఆమెనే చూసింది. చెయ్యి చాచి ఆమె పాదాన్ని తడిమింది. నది నీళ్ళ చలి ఇంకా వదలని పాదం.

"అమ్మో, మంచుగడ్డలా ఉన్నాయే," అంది. దుప్పటి అంచు పైకెత్తి పట్టుకుంది. "ఎక్కడికి పోయావే ఇంతసేపూ? రా, త్వరగా దూరు. ఎవరైనా చూస్తారు."

గుమ్‌రన్‌కి, నేను నీ కూతుర్ని అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. మోకాళ్ళు ముడుచుకుని దుప్పట్లోకి దూరింది.

"ఇక్కడే ఉన్నానక్కా," అంది.

"మరి పిలిస్తే పలకవేం?"

"వినబళ్ళేదక్కా."

"చెవిటిముండా," అంది కన్నాన్ ముద్దుగా, చెల్లెలి పాదాల్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గబగబా రుద్దుతూ.