హైమ పత్యం

మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చిందంటే ఎంతని! మా సర్కారు బడిలో ఐదో తరగతి దాటితేగాని ఏ బీ సీ డీలే చెప్పేవారు కాదు. అప్పుడు నాది ఏడో తరగతి. అయినా గార్డెన్ రీచ్‌లో రేవు పక్కనున్న మా తెలుగువాళ్ళ క్వార్టర్ల వరస మొత్తానికీ నేనే పండితురాలిని. ఆ పొగరు బాగానే ఉండేది.

చెల్లి హైమకి పదేళ్ళు. చూస్తే ఆరేళ్ళ పిల్లలా ఉండేది. మా అమ్మ అప్పమ్మ వీధులు ఊడ్చే పనికి ఒక పూట సెలవు పెట్టి, దాన్ని రేవు దగ్గర ధర్మాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి ముసలి దొరసాని నర్సు దాన్ని తూచి, కొలిచి, చీటీ మీద ఒక్క మాట రాసి, వచ్చే వారం మళ్ళీ తీసుకురమ్మంది.

"ఏటి రాసిందే నాగేస్సరీ?" అంది అమ్మ.

కూడబలుక్కుని చదివాను. వాన్‌త్రివెన్. అర్థం తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు.

"జబ్బు పేరమ్మా. పెద్ద జబ్బే."

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద జబ్బంటే పిల్లని ఆసుపత్రిలోనే ఉంచేస్తారని హడలిపోయి, మళ్ళీ అటు వెళ్ళలేదు. జబ్బన్నాక మావాళ్ళకి తెలిసిన మొదటి వైద్యం పత్యం. మర్నాటి నుంచి హైమకి పప్పు లేదు, చేప లేదు, గుడ్డు లేదు. చారునీళ్ళూ, మెత్తగా పిసికిన మెతుకులూ. దాని వాటా గుడ్డు నా కంచంలోకి వచ్చేది. తిన్నాను. సిగ్గులేకుండా తిన్నాను.

"సిన్న ముక్క ఎట్టవే అమ్మా," అనేది హైమ.

"పత్తెం తప్పితే జబ్బు తిరగబెడతాది తల్లీ," అని అమ్మ కళ్ళొత్తుకునేది. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

అలా ఏడాదిన్నర. ఆ వానల్లో జ్వరం వచ్చింది. మూడు రోజులు కూడా ఓర్చుకోలేక హైమ పోయింది.

పదిహేనేళ్ళ తర్వాత నాకు ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం దొరికింది. అక్కడి లావుపాటి డిక్షనరీని చూసీ చూడనట్టు ఆర్నెల్లు తప్పించుకు తిరిగి, చివరికి ఆ మాట వెతికాను. స్కాట్లండ్ వాళ్ళ పాత మాటట. వాన్ అంటే లోటు, త్రివెన్ అంటే ఏపుగా ఎదిగిన. రెండూ కలిస్తే ఎదుగుదల కొరవడిన, గిడసబారిన అని. జబ్బు పేరు కానే కాదు. పిల్ల ఎదగలేదని ఆ ముసలామె తన ఊరి మాటలో రాసుకుంది, అంతే. తిండి పెట్టాల్సిన పిల్లకి నేను తిండి మాన్పించాను.

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పేద్దామని ఇంటికెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని పక్కింటి తవిటమ్మకి హైమ సంగతే చెబుతోంది. నన్ను చూసి, "పుస్తకాల్లో పనిసేత్తన్నావు గదే! ఆ ఇంగిలీసు జబ్బుకి ఇప్పుడైనా మందు కనిపెట్టేరా?" అంది.

చెప్పులు గుమ్మం పక్కన విప్పాను.

"లేదమ్మా. ఇంకా లేదు."

అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "అయితే మనం సెయ్యగలిగిందంతా సేసేం," అంది తవిటమ్మతో.

మనం అంది. నన్నూ కలుపుకుంది. ఏడిస్తే ఎందుకని అడుగుతుందని, ఏడవకుండా లోపలికి వెళ్ళిపోయాను.